నాలుగింటి బ్యాచ్

అయినా, తమలోకి ఎవరు దిగారో నీళ్ళకు తెలుస్తుందా? తెలిస్తే మాత్రం ఎంతసేపు గుర్తుంటుంది? నిన్న సాయంత్రం ఎన్ని కాళ్ళు తన్నాయి, ఎన్ని చేతులు కొట్టాయి! ఇప్పుడు చూస్తే ఇస్త్రీ చేసి పరిచిన దుప్పటిలా ఒక్క మడత లేకుండా పడుకుని ఉన్నాయి. ఎవరి ఆనవాలూ లేదు.

సాయమ్మ తడిగుడ్డ కర్రను గోడకు ఆనించి, రోజూ లాగే కాసేపు అక్కడ నిలబడింది. గేటు తెరవకముందు ఈ ఈతకొలను ఎవరిదీ కాదు. ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సుల హారన్లు, వంతెన మీద మెట్రో రైలు మూలుగు, ఈ సందులోకి వచ్చేసరికి మెత్తబడి నీళ్ళ మీద వాలి మునిగిపోతాయి. బ్లీచింగు వాసన ఒక్కటే మేలుకుని ఉంటుంది. రెండు పావురాలు ఎక్కడినుంచో వచ్చి గట్టు మీద కూర్చుని, మెడలు వంచి తాగి, ఎగిరిపోతాయి. వాటిని ఎవరూ కార్డు అడగరు.

ఆరేళ్ళుగా ఆమె ఉద్యోగం ఈ నీళ్ళ చుట్టూ తిరగడమే. లోపలికి ఎన్నడూ దిగలేదు. దిగకపోయినా మడమలు నీళ్ళకే పగిలాయి. వేళ్ళ కొనలు ఎప్పుడూ నానిన పల్లీల్లా ముడతలు పడి ఉంటాయి. సన్నటి మనిషి, భుజాలు మాత్రం వెడల్పు. ఆడవాళ్ళ గదుల తాళంచెవులు నల్లదారానికి గుచ్చి మెడలో వేసుకుంటుంది. నడిస్తే అవి జాకెట్టు మీద చప్పుడు చేస్తాయి. ఆ చప్పుడును బట్టే జనం ఆమె వస్తోందని తెలుసుకుంటారు.

గదులు కడగడం, లాకర్లు తుడవడం కాక ఆమెకు ఇంకో పని ఉంది. సాయంత్రం నాలుగింటికి ఆడవాళ్ళ బ్యాచ్ మొదలయ్యేటప్పుడు గుమ్మంలో నిలబడి తలలు చూడాలి. పాపిట్లో చూపుడు వేలు పెట్టి మెల్లగా లాగి, ఆ వేలిని బొటనవేలితో రుద్ది చూస్తుంది. జిడ్డు తగిలితే, "తలంటుకొని రా అమ్మా, నూనె తల్కాయతోని నీళ్ళల్లకు పోవద్దు" అంటుంది. డాక్టరమ్మ అయినా, కాలేజీ పిల్ల అయినా సాయమ్మ ముందు ఒక్కసారి తల వంచాల్సిందే. అలా వంచిన ప్రతిసారీ ఆమెలో చిన్న జంకు కదిలేది. తన వేలికి వాళ్ళ నూనె అంటిందో లేదో చూడమన్నారు కానీ, తన వేలిది ఏమైనా వాళ్ళకు అంటుతోందేమో అన్నట్టు.

ఆమె తలకు మాత్రం జనవరి నుంచి నూనె లేదు.

"అమ్మా, అద్దంల తల్కాయ చూస్కున్నవా?" అని ఇవాళ తెల్లవారుజామున కూడా కూతురు ఏంజెల్ మొదలుపెట్టింది. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పని ఆ పిల్లకు. రోజంతా నిలబడి చీరలు విప్పి చూపిస్తుంది, మళ్ళీ మడత పెడుతుంది. "ఎండిన గడ్డి లెక్కున్నది. జర నూనె పెట్టుకోరాదే."

"నూనెకు తలనొప్పి లేస్తదే."

"పెట్టుకోకుంటె లేస్తది గని పెట్టుకుంటె లేస్తదా? ఇంకోటి, రాత్రి మల్ల చేతులు కొట్టుకున్నవ్. నా మూతి మీద తగిలిందొకటి. కలల్ల ఎవల్నన్న కొడ్తున్నవా ఏంది?"

"దోమలే."

"గంత పెద్ద దోమలా!"

సాయమ్మ నవ్వి, డబ్బా సర్దుకుని, చంపాపేటలో బస్సెక్కింది. కలలో ఆమె ఎవరినీ కొట్టడం లేదు. కలలో ఆమె చేతులు చాచి ముందుకు పోతూ ఉంటుంది, కింద ఏమీ తగలదు. ఎంత దూరం పోయినా ఏమీ తగలదు. మెలకువ వచ్చేది ఆ భయానికో సంతోషానికో ఆమెకు ఇప్పటికీ తేలలేదు.

మగవాళ్ళ బ్యాచ్ వచ్చే వేళయింది. ఆమె తడిగుడ్డ కర్ర తీసుకుని లాకర్ల వరుస దగ్గరికి నడిచింది. ఒక్కొక్క రేకు తలుపూ తుడుస్తూ, కిటికీ పక్కనున్న లాకరు దగ్గర చెయ్యి నెమ్మదించింది. అది సూర్యప్రభ మేడంది. ఆమె సొంత ఊరికి పోయి వారం దాటింది. తలుపు చల్లగా ఉంది. దాని వెనకాల, సబ్బుపెట్టె పక్కన, విప్పని ప్యాకెట్టు ఒకటి ఉంది. ఆ సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు.

సూర్యప్రభ మేడం తెనాలి మనిషి. బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల్లో ఒంటరిగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులకు డాక్టరు ఈత చెప్పాడని వచ్చి, నెల రోజుల పాటు గట్టు పక్క గొట్టాన్ని పట్టుకుని వదల్లేదు. "నేను వదిలితే ఈ గొట్టం పడిపోతుందేమోనని పట్టుకున్నా సాయమ్మా" అనేది. తర్వాత ఒకరోజు వదిలేసి, తెల్లకలువలా వెల్లకిలా తేలింది. తేలుతూ నవ్విన ఆ నవ్వు సాయమ్మ కళ్ళకు పట్టుకుంది.

నిరుడు ఊళ్ళో వాళ్ళకని నగరవాసి కార్డు వచ్చింది. ఆ కార్డుంటే ఈతకొలనులో సగం టికెట్టే. మ్యూజియంలో, చెరువు మీద పడవలో, నక్షత్రాలు చూపించే గుండ్రటి హాలులో, నాటకాలాడే ఆడిటోరియంలో అన్నిచోట్లా సగమే. మేడం ఒక్కదాన్నీ వదల్లేదు. సోమవారం కొలనుకు సెలవు కాబట్టి, ఆ రోజు ఎక్కడికో పోయి వచ్చి, మంగళవారం జుట్టు ఆరబెట్టుకుంటూ చెప్పేది. పాలరాతి ముసుగు వెనక పాలరాతి ముఖం కనబడే బొమ్మ గురించి చెప్పింది. దీపాలన్నీ తీసేసి నెత్తి మీద ఆకాశం వేస్తే పక్క సీట్లో పసిపిల్ల అమ్మను కాదని తన చెయ్యి పట్టుకుందని చెప్పింది. సాయమ్మ బకెట్టు పక్కన పెట్టి వినేది. విన్నవన్నీ బస్సులో తిరిగి పోయేటప్పుడు ఒక్కొక్కటే తీసి చూసుకునేది.

"నువ్వు ఈ ఊరొచ్చి ఎన్నేళ్ళయింది?" అని అడిగింది మేడం ఒకసారి.

"ఇరవై దాటింది మేడం."

"ఏమేం చూశావు?"

సాయమ్మ ఆలోచించింది. కూరగాయల మార్కెట్టు, చర్చి, భర్త యాకోబు ఊపిరి పోయిన దవాఖాన, ఈ కొలను.

"అన్ని చూసిన మేడం. బస్సు కిటికిలకెంచి."

మేడం నవ్వలేదు. ఆ మర్నాడే కార్డు ప్రయత్నం మొదలుపెట్టింది. కిరాయి ఇంట్లో ఉన్నవాళ్ళకు ఇంటాయన కరెంటు బిల్లు కావాలి. ఇంటాయన ఇవ్వనన్నాడు. "కిరాయోళ్ళకు కార్డులేందమ్మ? రేపు ఇల్లే మాదంటె?" అన్నాడు. సూర్యప్రభ మేడం ఆటోలో చంపాపేట వచ్చి, మోకాళ్ళు పట్టుకుంటూ మూడంతస్తులు ఎక్కి, ఆయన ఇంట్లో టీ తాగి, ఆయన మనవడికి లెక్కొకటి చెప్పి, బిల్లు జిరాక్సు పట్టుకుని దిగింది. జనవరిలో కార్డు చేతికొచ్చింది. చుట్టూ నీలం అంచు, మధ్యలో తెల్లటి జాగాలో సాయమ్మ ముఖం, పేరు, ఇంటి నంబరు. "జాగ్రత్త. మడవకు, తడపకు" అంది మేడం. మర్నాడు ఆ ప్యాకెట్టు తెచ్చింది. ముదురు నీలం రంగు ఈత బట్టలు, మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా. "నీ సైజే. నా లాకర్లో ఉంటుంది. దిగుతానన్న రోజు చెప్పు, తీసిస్తాను. ఆ గంటా నీ బదులు గుమ్మంలో నేను నిలబడతాను. నాకూ తలలు చూడటం సరదాయే."

"రేపు దిగుత మేడం" అంది సాయమ్మ.

నిజంగానే మర్నాడు దిగుదామనుకుంది. ఆ రాత్రి తలంటుకుంది, నూనె రాయలేదు. పొద్దున ఏంజెల్‌తో పాటు దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, బస్సు డిపో ఎదురు వరుసలో లామినేషన్ దుకాణానికి పోయింది. నీళ్ళ దగ్గరికి తీసుకుపోయే కార్డు, తడవకూడదు కదా. ఆమెకు విలువైనదంటే ప్లాస్టిక్కులో పడుకున్నదే. రేషన్ కార్డు, ఆధారు, ఏంజెల్ పదో తరగతి మెమో, యాకోబు బాప్తిస్మపు కాగితం, ఆయన పోయాక ఇచ్చిన కాగితం, అన్నీ అలా చేయించినవే.

దుకాణదారు కార్డును రెండు ప్లాస్టిక్కుల మధ్య పెట్టి మిషన్లోకి తోశాడు. అవతలినుంచి మొదట నీలం అంచు బయటికి వచ్చింది, బాగానే ఉంది. ఆ తర్వాత ఫోటో రావాల్సిన చోట నుదురు నుంచి కిందికి చీకటి పడుతూ వచ్చింది. కళ్ళు మునిగాయి. ముక్కు, గడ్డం, పేరు, ఇంటి నంబరు, అన్నీ మునిగాయి.

"అయ్యో అమ్మా! బస్సు టికెట్ కాయిదం లెక్కున్నదిది. వేడి తగిలితె నల్లగైతది. ముందుగాల చెప్పద్దా?"

"నాకెట్ల ఎర్క బిడ్డా?"

"నాకు మాత్రమెట్ల ఎర్క? పైసలొద్దు తీ, పో."

ఇంకొకటి తీసుకోవచ్చు. దానికి మళ్ళీ కరెంటు బిల్లు కావాలి, మళ్ళీ ఇంటాయన కావాలి, మేడం మోకాళ్ళు మళ్ళీ మూడంతస్తులు ఎక్కాలి. అడగలేకపోయింది. పూర్తి టికెట్టు తన జీతానికి అందేది కాదు. నల్లటి కార్డును రవికెలో చిన్న పర్సులో పెట్టుకుంది. "ఏంటి సాయమ్మా, ఇవాళైనా దిగుతావా?" అని మేడం అడిగినప్పుడల్లా "రేపు దిగుత మేడం" అంది. అంటూనే ప్రతి రాత్రీ తలకు నూనె మానేసింది. ఎప్పుడో ఒక రేపు నిజంగా వస్తుందేమోనని.

కార్డు నల్లబడిందని ఆమెకు దుఃఖమే కానీ ఆశ్చర్యం వెయ్యలేదు. అలాగే అవుతుందని లోపల ఎవరో ముందే చెప్పినట్టుంది.

ఆ ఎవరో, నల్లగొండ జిల్లాలో ఒక పల్లెలో, మేకల వెంట తిరిగే చిన్నపిల్ల. పెద్దింటివాళ్ళ బావి దగ్గర మగపిల్లలు వీపుకు బెండ్లు కట్టుకుని దూకుతుంటే, ఊరవతలి వాడకట్టు పిల్లలు దూరంగా రాళ్ళకుప్ప మీద కూర్చుని చూసేవాళ్ళు. ఎవరూ రమ్మనలేదు. వీళ్ళూ పోలేదు. ఒక మిట్టమధ్యాహ్నం బావి దగ్గర మనిషి లేడు. ఆ పిల్ల మెట్లు దిగింది. పాచి వాసన, చల్లదనం. కూర్చుని కుడిచెయ్యి మోచేతి దాకా నీళ్ళలో పెట్టింది. నీళ్ళు ఏమీ అనలేదు. చిన్న చేపలొచ్చి వేళ్ళను కొరికితే నవ్వొచ్చింది. ఎవరూ చూడలేదు. మర్నాడు పొద్దున బావి మోటరు కాలిపోయింది. మనుషులు తాళ్ళేసి పైకి లాగుతుంటే, పొలం ఎండిపోతోందని పెద్దింటావిడ గట్టున నిలబడి తిట్టింది, "ఎవల పాడుచెయ్యి తగిలిందో!" తిట్టు ఎవరినీ ఉద్దేశించినది కాదు. వినవలసిన పిల్ల మాత్రం విన్నది. అమ్మకు చెప్పలేదు, యాకోబుకు చెప్పలేదు. చర్చిలో కళ్ళు మూసుకుని అన్నీ చెప్పుకునేటప్పుడు కూడా ఇది ఒక్కటి దాటవేసింది.

మధ్యాహ్నం కొలను మూసి ఉండే వేళ, టికెట్ల కౌంటరు గదిలో గోపయ్య, సాయమ్మ డబ్బాలు విప్పారు. గోపయ్య యాభై దాటిన మనిషి, బొద్దు మీసం. తనదీ నల్లగొండ దిక్కే. ఇద్దరి ఊళ్ళకూ మధ్య ఒక వాగే అడ్డం. కార్డు లేకుండా కమిషనరు వచ్చినా సగం టికెట్టు ఇవ్వనని ఆయన గొప్ప. వెనక గోడకు గూళ్ళున్న చెక్కపలక ఉంటుంది. లోపలికి పోయేవాళ్ళ కార్డులు ఆ గూళ్ళలో నిలబెట్టి టోకెను ఇస్తాడు, బయటికి వచ్చేటప్పుడు తిరిగి ఇస్తాడు. మొదటి గూడు సూర్యప్రభ మేడంది. ఆమె రాని రోజున కూడా అందులో ఇంకొకరిది పెట్టడు.

"ఎండలు ముదిరినయ్" అన్నాడు మామిడికాయ పచ్చడి కలుపుకుంటూ. "గీ ఎండకు మా బావి యాదికొస్తది సాయమ్మా. పై గట్టు మీదకెంచి దుంకితె, అడుగున ఇసుక పిడికిట్ల పట్టుకొని లేస్తుంటి."

"మొన్న రాయి తెచ్చిన అంటివి గదన్నా."

"అది వేరే బావి." ఆయన వెనక్కి తగ్గే మనిషి కాదు. "మీ వాడ దిక్కు పిల్లలు రాకపోతుండె గని, వస్తె నేర్పుతుంటి."

రాకపోతుండె. సాయమ్మ ఆ మాటను అన్నంతో పాటు నమిలింది. పోలేదట. రానిచ్చారా అన్న మాట ఇంత దూరం వచ్చి, ఆయన ముఖం చూసి ఆగింది. ఆ ముఖంలో కల్మషం లేదు. తెలియనితనం ఉంది, అంతే. అది మరీ కష్టం.

"ఈత నేర్సుకొని నేనే కరాబైన" అన్నాడు గోపయ్య. "మోటరు కాలినప్పుడల్ల తాడు కట్టనీకె నన్నే దింపుతుండ్రి. సదువు అట్లనే పాయె."

సాయమ్మ చెయ్యి డబ్బాలోనే ఆగింది. "మోటరు కాలుతుండెనా?"

"కాలక? ఎండకాలమొస్తె ఏ మోటరు నిలుస్తుండె? వోల్టేజి ఉంటె గద! ఒక్క ఎండకాలంల మూడుసార్లు కాలింది మాది. బండి మీదేస్కొని నల్లగొండకు పోవుడు, వైండింగు చేయించుకొచ్చుడు, ఇదే పని."

"మీ ఒక్కరిదేనా?"

"అందరివి."

"మా ఊర్లె గూడనా అన్నా?"

"మీకు మాకు ఒక్కటే లైను గదమ్మా. గింత ఊరు, గంత ఊరు అని సూస్తదా కరెంటు? మనిషి ఎర్కుంటదా దానికి?" అంటూ ఆయన డబ్బా మూత వేశాడు. తర్వాత ఆమె ముఖం చూసి, "ఏందిట్ల అడుగుతున్నవ్? మోటరు కొంటున్నవా?" అన్నాడు.

"లేదన్నా. ఊకెనే."

ఆమె లేచి కుళాయి కింద చెయ్యి కడుక్కుంది. కుడిచెయ్యి. వేళ్ళ నుంచి మోచేతి దాకా నీళ్ళు పోసుకుంది. కుళాయి కట్టేయడం మరిచిపోయి చాలాసేపు అలాగే పోసుకుంది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. బస్సులో ఏళ్ళ తరబడి ఒడిలో పెట్టుకుని మోసిన సంచి ఎవరిదో పరాయివాళ్ళదని ఇప్పుడు తెలిస్తే, ఇక ఒడిలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టుగా ఉంది. ఈ మాట సూర్యప్రభ మేడంకు చెప్పాలి. మోటరు సంగతి, కార్డు సంగతి, రెండూ. ఆమె పకపకా నవ్వుతుంది. ఊరినుంచి వచ్చిన రోజే చెప్పాలి.

మూడున్నర దాటాక ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై ఉంటాయేమో. ముక్కు మేడం ముక్కే. చేతిలో చిన్న తాళంచెవి, ప్లాస్టిక్కు కవరులో నీలం కార్డు ఉన్నాయి.

"నా పేరు బిందుమాధవండీ. ఇక్కడ లాకరొకటి ఖాళీ చెయ్యాలి. మా పెద్దమ్మది, సూర్యప్రభ గారని."

"మేడం రాలేదా?" అంది సాయమ్మ, అమ్మాయి వెనక్కి చూస్తూ.

"లేదండీ. పెద్దమ్మ చనిపోయారు. పోయిన బుధవారం, తెనాలిలో, మా ఇంట్లోనే. నిద్రలో. ఇవాళ ఇక్కడ గదులు ఖాళీ చేస్తున్నాం. సామాన్లో ఈ తాళం, కార్డు దొరికాయి."

కౌంటరు వెనక గోపయ్య లేచి నిలబడ్డాడు. "అయ్యో" అని, వెనక పలకలో మొదటి గూటి వైపు తిరిగాడు. సాయమ్మ కదిలింది. మెడలో తాళంచెవుల చప్పుడుతో ముందు నడిచి, లాకరు చూపించింది. పొద్దున తుడిచిన రేకు తలుపు మీద ఆమె వేళ్ళ తడి మరకలు ఆరి కనబడుతున్నాయి.

అమ్మాయి ఒక్కొక్కటే తీసింది. తెల్ల టోపీ. సబ్బుపెట్టె. దువ్వెన, దానికి రెండు నెరిసిన వెంట్రుకలు. చివరికి ప్యాకెట్టు. అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది పెద్దమ్మది కాదే. సైజు వేరే. చీటీ కూడా తియ్యలేదు. ఎవరిదో పొరపాటున పెట్టుకున్నట్టున్నారు. మీకేమైనా తెలుసా అండీ, ఎవరిదో?"

ఆడవాళ్ళ బ్యాచ్ మనుషులు అప్పుడే వస్తున్నారు. గుమ్మం దగ్గర నవ్వులు, చెప్పుల చప్పుడు. తెలవదు అంటే అయిపోతుంది. ఆ ప్యాకెట్టు ఏ సంచిలోకో పోతుంది, రేపు అన్న మాట కూడా దాంతో పోతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"నాది" అంది సాయమ్మ.

"మీదా?"

"మేడం నాకోసం కొనిపెట్టిన్రు. నేనే, రేపు రేపనుకుంట..."

అమ్మాయి ఆమె ముఖంలోకి చూసింది. "మీరేనా సాయమ్మగారు? ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేది పెద్దమ్మ. 'మా సాయమ్మ ఇంకా దిగలేదే' అని." ప్యాకెట్టును రెండు చేతులతో అందించింది. పోతూ పోతూ, నవ్వీ నవ్వని మేడం ఉన్న కార్డును కౌంటరు మీద పెట్టి, "ఇది మీకే ఇచ్చెయ్యాలేమో" అంది. గోపయ్య దాన్ని తీసుకుని, చెయ్యి అలవాటున పోయినట్టు, మొదటి గూట్లో నిలబెట్టాడు. టోకెను కోసం కొక్కెం దాకా పోయిన చెయ్యి అక్కడ ఆగిపోయింది.

సాయమ్మ గుమ్మంలో నిలబడి తలలు చూసింది. ఇవాళ ఆమె వేలు జంకలేదు. ఒకావిడ నూనెతో వస్తే వెనక్కి పంపింది. అందరూ నీళ్ళలోకి దిగాక, కోచ్ సంధ్యారాణి మెడలో ఈలతో గట్టున తిరుగుతుంటే దగ్గరికి పోయి, గంటసేపు గుమ్మం చూడమని అడిగింది. ఎందుకని సంధ్యారాణి అడగబోయి, ఆమె చంకలోని ప్యాకెట్టు చూసి, "పో అక్కా" అంది.

సాయమ్మ ఇటు చుట్టూ తిరిగి, కౌంటరు కిటికీ ముందుకు, బయటివాళ్ళు నిలబడే చోటికి వచ్చింది. ఆరేళ్ళలో ఆ వైపు నుంచి గోపయ్యను ఎన్నడూ చూడలేదు. కిటికీ ఊచల వెనక ఆయన ఇంకెవరిలాగో ఉన్నాడు. పర్సు తీసి, టికెట్టు డబ్బులు, వాటి పక్కన నల్లటి కార్డు పెట్టింది.

"ఏందిది? బొగ్గు లెక్కున్నది."

"నా కార్డు అన్నా."

"ఫోటో ఏది? పేరేది?"

"నల్లగైంది. లామినేషన్ల."

"గీ కార్డుకు లామినేషన్ ఎవలు చేయించుమన్నరు తల్లీ?"

"నీళ్ళల్ల తడుస్తదేమోనని."

గోపయ్య నవ్వబోయాడు. ఆమె నవ్వడం లేదు. ఆయన కార్డును వెలుతురుకు పట్టి చూశాడు, తిప్పి చూశాడు. అందులో ఎక్కడా మనిషి లేదు.

"మరి నీదేనని నేనెట్ల అనుకోవాలె? ఎవలిదని కొట్టాలె టికెట్?"

"నాదే. నేనే గదన్నా. సాయమ్మను."

ఆయన చూశాడు. కార్డులోని ముఖాన్నీ ఎదుటి ముఖాన్నీ పోల్చి చూడటం ఆయన పని. ఇప్పుడు పోల్చడానికి ఒక్కటే ఉంది. ఎండిన జుట్టు, రెప్పల కింద నలుపు, బిగిసిన పెదవులు. పక్కన కూర్చుని ఇన్నేళ్ళు అన్నం తిన్న మనిషిని ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత సగం టికెట్టు చింపాడు. టోకెను కూడా పెట్టాడు.

"లోతు దిక్కు పోకు" అన్నాడు. టోకెను ఇంకొంచెం ముందుకు జరిపి, "పైలం సాయమ్మా" అన్నాడు.

ఆడవాళ్ళ గదిలో ప్యాకెట్టు విప్పింది. మేడం చెప్పిన మాట నిజమే, ఆమె సైజే. తాళంచెవుల దారం మెడలోంచి తీసి కొక్కానికి తగిలించింది. వాటి బరువు లేకపోయేసరికి మెడ కాసేపు ఆమెది కానట్టుంది. చప్పుడు లేకుండా నడిచి బయటికి వస్తే, ఎవరూ తలతిప్పి చూడలేదు.

గుమ్మం దగ్గర సంధ్యారాణి ఆపింది. "తల వంచక్కా. రూలంటె రూలే."

సాయమ్మ తల వంచింది. ఇంకొకరి వేలు తన పాపిట్లో మెల్లగా జరగడం ఆమెకు కొత్త.

"చుక్క నూనె లేదు" అంది సంధ్యారాణి ఆశ్చర్యంగా. "ఎన్ని దినాలైంది పెట్టుకోక?"

"జనవరి సంది."

నీళ్ళు మొదట మడమల పగుళ్ళలో చురుక్కుమన్నాయి. తర్వాత పిక్కలు, మోకాళ్ళు, నడుము. గట్టు పక్క గొట్టాన్ని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచెయ్యి మోచేతి దాకా ముంచి చూసుకుంది. వేళ్ళు కొంచెం పెద్దవిగా, వంకరగా, తన వేళ్ళలాగే కనబడ్డాయి. అవతల ఎవరో కాళ్ళు తన్నితే పుట్టిన అల వచ్చి, ఆమె చెయ్యిని కూడా దాటుకుని, గోడకు తగిలి వెనక్కి పోయింది.

అరచేతి కింద గొట్టం జారుడుగా, చల్లగా ఉంది. ఎందరో పట్టుకున్నది, మేడం నెల రోజులు పట్టుకున్నది. సాయమ్మ తల తిప్పి కౌంటరు వైపు చూసింది, లోపలికి తెరిచిన కిటికీ గుండా చెక్కపలక కనబడుతోంది. గోపయ్య పలక ముందు నిలబడి ఏదో సర్దుతున్నాడు. సర్ది పక్కకు జరిగాడు.

ఆమె గొట్టం వదిలింది.

మొదటి గూట్లో నీలం కార్డు ఉంది. ఆ గూట్లోనే, దాన్ని ఆనుకుని, నల్లటిది.